అనుమతి ఇచ్చినవారు ఫొటోలో కనిపించరు

(చెన్నైలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

అధ్యక్షులవారికి, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

పాత ఫొటోలు ఇప్పుడు అడగకుండానే మన చేతిలోకి వచ్చి పడుతున్నాయి. పొద్దున్నే ఫోను తెరిస్తే చాలు, ‘ఒకప్పుడు ఇలా కూడా చేసేవారట’ అన్న మాటతో ఎవరో ఒకరు ఒక నలుపు తెలుపు బొమ్మ పంపుతారు. మనం ఆశ్చర్యపోతాం, నవ్వుకుంటాం, ఇంకొకరికి పంపిస్తాం. అలా తిరిగే బొమ్మలలో ఒకటి మీరూ చూసే ఉంటారు. అమెరికాలో ఒక తపాలా ఉద్యోగి భుజానికి వేలాడే సంచిలో నుంచి ఒక పసిబిడ్డ తల బయటికి కనిపిస్తుంటుంది. అక్కడ పిల్లలను పార్సిలులో పంపేవారని దాని కింద రాస్తారు. నిజానికి ఆ ఫొటో సరదాకు తీసింది. అయినా దాని వెనుక ఉన్న సంగతి పూర్తిగా అబద్ధం కాదు. అమెరికాలో 1913 జనవరి 1న పార్సిలు తపాలా మొదలైనప్పుడు మనిషిని పంపకూడదని నిబంధనలలో ఎవరూ రాయలేదు. 1914 ఫిబ్రవరిలో ఐడహో రాష్ట్రంలో ఒక చిన్న పాపను, ఆమె కోటుకు 53 సెంట్ల తపాలా బిళ్లలు తగిలించి, రైలులో తపాలా పెట్టెలో అమ్మమ్మ గారి ఊరికి పంపారు. తపాలా శాఖలోనే పనిచేసే బంధువు ఒకాయన ఆమె వెంట వెళ్లాడు. ఆ తరువాత ప్రభుత్వం ఆ పద్ధతిని నిషేధించింది. అంటే అక్కడ ఫొటో నాటకమే గాని, నిబంధనలలోని ఖాళీ మాత్రం నిజం. మనం ఫొటో చూసి ఊరుకున్నాం, ఆ నిబంధన సంగతి ఎవరమూ వెతకలేదు.

ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది అంతా అలాంటి నిబంధనలు, ఉత్తర్వులు ఉన్న కాగితాల గురించే. పాత ఫొటోను చూసినప్పుడు మనం సాధారణంగా ఇందులో ఉన్నది ఎవరు, తీసింది ఎవరు అని అడుగుతాం. ఈ పని ఎవరి ఉత్తర్వు మీద జరిగింది, ఈ ఫొటో ఎవరి అనుమతితో తీశారు అన్న ప్రశ్నలు మాత్రం అడగం. అవి రెండూ వేరు వేరు అనుమతులు. ఒకటి ఉండి రెండోది లేని సందర్భాలు కూడా ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను. ఈ చర్చకు చెన్నపట్నానికి మించిన చోటు లేదు. మద్రాసు రాజధానిలో, అంటే బ్రిటిష్ కాలపు మద్రాసు ప్రెసిడెన్సీలో, ఉత్తర్వులు పుట్టింది ఇక్కడే, ఆ ఉత్తర్వుల ఫలితం అనుభవించినవారిలో ఎందరో మన తెలుగు జిల్లాల వాళ్లు.

ముందుగా 1877 సంవత్సరం. 1876లో వానలు తప్పాయి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలలో పంట చేతికి రాలేదు. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనేది ఈ కరువునే. 1878 వరకు సాగిన ఆ కరువులో, దక్షిణాదిన బ్రిటిష్ ఏలుబడి కింద ఉన్న ప్రాంతాలలో మరణించినవారి సంఖ్యను చరిత్రకారులు 50 లక్షలకు పైగానే లెక్కగడతారు. విల్లబీ వాలేస్ హూపర్ అనే సైనికాధికారి, మద్రాసు అశ్వికదళానికి చెందినవాడు, ఆ కరువు బాధితులను ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలలో కొన్నింటిని మీరు తప్పకుండా చూసే ఉంటారు. కుటుంబాలు కుటుంబాలుగా నేల మీద కూర్చోబెట్టిన మనుషులు, లెక్కపెట్టగలిగేట్టు బయటపడ్డ పక్కటెముకలు, మోకాలి చిప్ప తొడ కన్నా లావుగా కనిపించే కాళ్లు, చేతుల్లో నిలవలేనంత నీరసించిన పిల్లలు.

ఆ రోజులలో ఫొటో తీయడం క్షణంలో అయ్యే పని కాదు. గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, వెండి లవణాల ద్రావణంలో ముంచి, అది తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, కొన్ని సెకన్లపాటు కటకం తెరిచి ఉంచి, వెంటనే చీకటి గుడారంలోకి తీసుకుపోయి కడగాలి. మద్రాసు ఎండలో ఆ పూత పది పదిహేను నిమిషాల కన్నా తడిగా ఉండదు. కాబట్టి ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ఎవరి వెనుక నిలబడాలి అన్నదంతా ముందే సర్దాలి. సర్దిన తరువాత వారు కదలకూడదు. నిలబడే ఓపిక లేనివారిని కదలకుండా నిలబెట్టిన ఫలితమే ఈ ఫొటోలలోని స్పష్టత. బిడ్డ ముఖం ఒక్కటి కొద్దిగా మసకబారి ఉంటే, ఆ బిడ్డ కదిలిందని మనకు అర్థమవుతుంది.

హూపర్ గురించి మాట్లాడేటప్పుడు, ఫొటో తీసిన తరువాత వారికి అన్నం పెట్టించాడా లేదా అని చాలామంది అడుగుతారు. నా దృష్టిలో అది పక్కదారి పట్టించే ప్రశ్న. ఒక మనిషి మంచివాడా చెడ్డవాడా అని తేల్చుకొని మనం ఊరట చెందుతాం, అసలు సంగతి వదిలేస్తాం. ఆ పక్కటెముకలు బయటపడటానికి వాన కురవకపోవడం ఒక కారణమైతే, రెండో కారణం కాగితం మీద ఉంది. 1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసుకు వచ్చాడు. కరువు పనులలో మట్టి మోసే మగవానికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానితోపాటు ఒక అణా చాలని ఆయన నిర్ణయించాడు. ఆడవాళ్లకు, పని చేసే పిల్లలకు ఇంకా తక్కువ. మద్రాసు ప్రభుత్వంలో ఆరోగ్య వ్యవహారాలు చూసే వైద్యుడు కార్నిష్ దీనిని గట్టిగా వ్యతిరేకించాడు. పొద్దస్తమానం పలుగూ పారా పట్టే మనిషికి కనీసం 680 గ్రాముల ధాన్యం, దానిపైన పప్పూ కూరలూ కావాలని వాదించాడు. మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దారి దిగివచ్చి 570 గ్రాముల ధాన్యం, 43 గ్రాముల పప్పు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇలా గ్రాములలో సాగిన బేరం మీద లక్షల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

ఇందులో ఇంకొక విషయం గమనించాలి. ఇదే టెంపుల్ అంతకు మూడేళ్ల ముందు, 1873-74లో, బిహారులో కరువు వచ్చినప్పుడు బర్మా నుంచి బియ్యం తెప్పించి ఉదారంగా పంచాడు. అక్కడ ఆకలి చావులు దాదాపు లేవు. అందుకు ఆయనకు దక్కింది మెప్పు కాదు, ప్రభుత్వ సొమ్ము దుబారా చేశాడన్న నింద. ఆ నింద చెరుపుకోవడానికి ఆయన మద్రాసులో బిగపట్టాడని చరిత్రకారులు అంటారు. జనాన్ని బతికించడం ఎలాగో ఆ మనిషికి తెలుసు, చేసి చూపించాడు కూడా. మద్రాసులో అలా చేయడానికి పైనుంచి అనుమతి లేదు. ధాన్యం ధరలలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నది లిట్టన్ పట్టిన పట్టు. కరువు సాగుతున్నంత కాలం ధాన్యం ఎగుమతి కూడా సాగింది. విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన ఢిల్లీ దర్బారు జరిగింది సరిగ్గా అదే 1877 జనవరి 1న.

హూపర్ ఫొటోల కాలం నాటికి పత్రికలు ఫొటోను ఉన్నది ఉన్నట్టు అచ్చువేయలేవు. ఫొటో చూసి చెక్కపలక మీద చెక్కి, ఆ బొమ్మను అచ్చువేసేవారు. అలా చెక్కిన కరువు బొమ్మలు లండన్ సచిత్ర పత్రికలలో వచ్చాయి. 1877 ఆగస్టులో మద్రాసులో జరిగిన సభ లండన్ మేయరుకు తంతి పంపితే అక్కడ చందాలు పోగయ్యాయి. చందాలు ఇచ్చినవారి మనసు మంచిదే, కాదనను. అయితే వారు చూసిన బొమ్మలలో ఎండిన నేల ఉంది, ఎండిన మనిషి ఉన్నాడు. 450 గ్రాముల ఉత్తర్వు లేదు. బొమ్మ చూసినవారికి కరువు దైవఘటనగానే తోచింది.

హూపర్ కథ ఇక్కడితో ముగిసిపోలేదు. తొమ్మిదేళ్ల తరువాత, ఎగువ బర్మాను బ్రిటిష్‌వారు ఆక్రమించినప్పుడు, ఆయన మాండలేలో సైనిక శాంతిభద్రతల అధికారిగా ఉన్నాడు. 1886 జనవరిలో బందిపోట్లన్న పేరుతో పట్టుబడ్డ బర్మీయులను గోడ ముందు నిలబెట్టి కాల్చి చంపుతున్నప్పుడు, తూటాలు తగిలే క్షణాన్ని పలక మీద పట్టడానికి ఆయన కెమెరా సిద్ధం చేసుకున్నాడు. తుపాకులు ఎక్కుపెట్టిన సైనికులు కెమెరా సిద్ధమయ్యేదాకా ఆగవలసి వచ్చిందన్న వార్త లండన్ టైమ్స్‌లో వచ్చేసరికి బ్రిటన్‌లో గగ్గోలు పుట్టింది. విచారణ జరిపారు, హూపర్‌ను బహిరంగంగా మందలించారు. ఈ సంగతిని మద్రాసు ఫొటోల పక్కన పెట్టి చూడండి. మాండలేలో చంపడానికి అనుమతి ఉంది, చంపడాన్ని ఫొటో తీయడం తప్పయింది. మద్రాసులో ఆకలికీ అనుమతి ఉంది, దాని ఫొటోకూ అనుమతి ఉంది. గోడ ముందు నిలబడ్డ మనుషులకు న్యాయమైన విచారణ జరిగిందా లేదా అన్నది ఆ గగ్గోలులో వెనక్కి పోయింది, కెమెరా ఒక్కటే ముందుకొచ్చింది. మర్యాదకు భంగం కలిగినప్పుడు ఆ సమాజానికి కోపం వచ్చింది. ప్రాణానికి భంగం కలిగినప్పుడు అంత కోపం రాలేదు.

ఆ కరువు పనులలో ఒకటి మన కళ్ల ముందే ఉంది. అడయారు నదిని కూవం నదిని కలుపుతూ సుమారు 8 కిలోమీటర్ల కాలువను 1877-78లో కరువు కూలీలతో తవ్వించి, గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. తరువాత మొత్తం జలమార్గానికి అదే పేరు స్థిరపడింది. నెల్లూరు వైపు నుంచి కట్టెలూ ఉప్పూ బియ్యమూ పడవలలో మద్రాసుకు వచ్చింది ఈ కాలువ మీదుగానే. ఇక్కడ ఉన్న పెద్దవారి తాతలలో ఎవరో ఒకరు ఆ పడవ ఎక్కే ఉంటారు. ఇప్పుడు ఆ కాలువలో నగర రైలు స్తంభాలు నిలబడి ఉన్నాయి, నీళ్ల సంగతి చెప్పనక్కరలేదు. కరువు ఫొటోలు పంచుకునేవారు ఈ కాలువ ఫొటోను కూడా వాటి పక్కన పెడితే బాగుంటుందని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే 450 గ్రాముల ధాన్యంతో ఏం తవ్వించారో అందులో కనిపిస్తుంది.

ఈ బకింగ్‌హాం ప్రభువు పేరు మన తెలుగువారి ఇంకొక నష్టంలో కూడా వినపడుతుంది. అది అమరావతి స్తూపం. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ధరణికోట పక్కన అమరావతి పట్టణం కట్టిస్తున్నప్పుడు, స్తూపం దిబ్బలో దొరికిన సున్నపురాయి పలకలను మెట్లకూ గోడలకూ వాడుకున్నారు, కొన్నింటిని సున్నం కోసం కాల్చారు. ఆ కాలపు లెక్కలో అది నేరం కాదు, జమీందారు నేలలో దొరికిన రాయి జమీందారుదే. కర్నల్ మెకంజీ 1797లో ఒకసారి, 1816లో మళ్లీ అక్కడికి వచ్చి, తన చిత్రకారుల చేత శిల్పాల బొమ్మలు గీయించాడు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు ఆయనకు కుడిభుజంగా పనిచేశారని మనకు తెలిసిందే. మెకంజీ గీయించిన శిల్పాలలో కొన్ని ఆ తరువాత ఎక్కడా కనబడలేదు, వాటికి ఆ బొమ్మలే మిగిలాయి.

1845లో మద్రాసు ప్రభుత్వాధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన పలకలు ఇక్కడ ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. 1858లో మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు కెప్టెన్ లినేయస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు. అది కూడా ఉత్తర్వు మీద చేసిన పనే. ముక్కలను పక్కపక్కన పేర్చి, ఒక్కొక్క పలక మీది గుర్రాలూ చక్రాలూ నాగులూ భక్తులూ స్పష్టంగా కనిపించేట్టు తీశాడు. ఆ ఫొటోలు ఎంత అందంగా ఉంటాయంటే, అవి దేనికి సాక్ష్యమో చూసేవారు మరిచిపోతారు. సరుకును ఓడ ఎక్కించడానికి ముందు తీసిన జాబితా ఫొటోలవి. మరుసటి సంవత్సరం, 1859లో, ఆ రాళ్లు లండన్ వెళ్లాయి. అక్కడ కూడా కొంతకాలం రేవులో ఆరుబయటే పడి ఉండి, తరువాత ఒక గుర్రపుబండ్ల షెడ్డుకు చేరాయి. 1860ల నడుమ కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వాటిని వెతికి బయటికి తీసేదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1880 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ట్రైప్ ఉద్యోగం మాత్రం 1860లోనే పోయింది. ఆయన శాఖ ఖర్చు దండగని కొత్త గవర్నరు ట్రెవెల్యన్ దానిని మూయించాడు.

అదే 1880లో బకింగ్‌హాం ప్రభువు అమరావతి దిబ్బ మొత్తాన్ని తవ్వి శుభ్రం చేయమని ఆజ్ఞాపించాడు. ఏ రాయి ఎక్కడ ఏ దిక్కుకు ఉండేదో గుర్తుపెట్టకుండా అంతా తోడేశారు. మరుసటి ఏడు పురాతత్వవేత్త జేమ్స్ బర్గెస్ వచ్చేసరికి స్తూపం ఉండవలసిన చోట పెద్ద గొయ్యి ఉంది. దొంగలు తవ్విన గొయ్యి కాదది. గవర్నరు ఆజ్ఞ మీద, ప్రభుత్వ ఖర్చుతో, పురాతత్వంపై ప్రేమతో తవ్వినది. పాత కట్టడాల పరిరక్షణకు దేశం మొత్తానికి గట్టి చట్టం 1904లో గాని రాలేదు. మన ఎగ్మోరు మ్యూజియంలో మిగిలిన పలకలను చాలాకాలం గోడలో సిమెంటుతో బిగించి ఉంచారు, చెమ్మా ఉప్పూ పట్టి రాయి పెచ్చులూడింది. కాబట్టి లండన్ వాళ్లను తిట్టేటప్పుడు కాస్త నెమ్మదిగా తిట్టమని మనవి.

ఎగ్మోరు దాకా వచ్చాం గనుక ఆ మ్యూజియంలోనే జరిగిన ఇంకొక పని చెబుతాను. 1885 నుంచి 1908 వరకు ఎడ్గార్ థర్స్టన్ దానికి అధిపతి. దక్షిణ భారతంలోని కులాలూ తెగలను గురించి 1909లో 7 సంపుటాలు వెలువరించాడు. మనుషుల ముక్కు పొడవు, తల వెడల్పు, భుజాల కొలత ఇనుప పరికరాలతో తీసి, ఎదురుగా ఒకటి పక్కనుంచి ఒకటి ఫొటోలు తీయించడం ఆయన పద్ధతి. పోలీసు అధికారులకు కూడా ఈ కొలతల విద్య నేర్పాడు. ఆయన రాసినవాటిలో తనను తాను వేళాకోళం చేసుకున్న చోట్లున్నాయి, నాకు అవే అన్నిటికన్నా విలువైనవిగా కనిపిస్తాయి. వయనాడులో పణియ తెగ స్త్రీలు ఆయనను చూసి పారిపోయారట. తమలో చక్కగా ఉన్నవారిని ఏరి, చర్మంలో గడ్డి కుక్కి మద్రాసు మ్యూజియంలో పెడతాడని వారి భయం. నీలగిరులలో పోలీసులు వెతుకుతున్న ఒక ఇరుళ తెగ మనిషి ఎత్తు కొలిచే స్తంభాన్ని చూసి, అది ఉరికంబమని, దాని కింద నిలబడనని మొండికేశాడట. థర్స్టన్ ఈ సంగతులను పామరుల అమాయకత్వంగా, పాఠకులు నవ్వుకుంటారని రాశాడు. నేను చదివినప్పుడు నవ్వు రాలేదు. జంతువుల చర్మాలలో గడ్డి కుక్కి నిలబెట్టిన ఆ మ్యూజియం గురించి, కొలతలు తీసి పోలీసుల చేతికిచ్చే ఆ శాస్త్రం గురించి ఆ స్త్రీలూ ఆ మనిషీ వేసుకున్న అంచనా పెద్దగా తప్పేమీ కాదు. ఆ 7 సంపుటాలలో ఫొటోకు ఒప్పుకోనివారి మాట మనకు వినబడే చోట్లు చాలా తక్కువ. ఇవి ఆ తక్కువ చోట్లలోవి.

ఎరుకలవారి సంగతి చూస్తే ఆ భయం ఎందుకో ఇంకా తెలుస్తుంది. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకొని కోస్తా నుంచి లోపలి జిల్లాలకు తిరుగుతూ వ్యాపారం చేసుకున్న కుటుంబాలవి. ఉప్పు మీద ప్రభుత్వం గుత్తాధిపత్యం, దాని వెనుక రైలు, వాటి నడుమ ఇప్పుడు మనం చెప్పుకున్న ధాత కరువు, ఈ మూడూ కలిసి వారి బతుకుతెరువును కూల్చాయి. పని పోయిన సంచార వ్యాపారి సర్కారు కంటికి అనుమానితుడయ్యాడు. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వర్తించింది. పుట్టుకతోనే మనిషి నేరస్థుడని చెప్పే చట్టం అది. వేలిముద్రలు వేయాలి, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం నివాసాన్ని 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థకు అప్పగించి, ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అలాంటి నివాసాలలో తీసిన ఫొటోలు చూస్తే ఒక పాఠశాల కనిపిస్తుంది, మగ్గాలు కనిపిస్తాయి, వరుసలో నిలబడ్డ పిల్లలు శుభ్రమైన బట్టలలో కనిపిస్తారు. సంస్కరణ అని కింద రాసి ఉంటుంది. ఆ వరుసలోని పిల్లవాని తండ్రి రాత్రి హాజరు పలకకపోతే జైలుకు పోతాడన్నది ఫొటోలో పట్టదు. మద్రాసులో ఆ చట్టాన్ని 1947లో రద్దు చేశారు, దేశమంతటా 1952 ఆగస్టు 31న. చట్టం పోయినా ఆ ఊరి పేరు చెప్పగానే మన సినిమాలలో గజదొంగలు గుర్తుకు వచ్చేట్టు చేసింది మాత్రం మనమే.

మారిషస్ టిక్కెట్ల మాట చెప్పి తీరాలి, ఎందుకంటే ఆ ఓడలలో కొన్ని ఈ రేవు నుంచే బయలుదేరాయి. 1834 నుంచి అక్కడి చెరకు తోటలకు వెళ్లిన భారతీయ ఒప్పంద కూలీలు నాలుగున్నర లక్షలకు పైమాటే. వారిలో మద్రాసు, విశాఖపట్నం, కోరంగి రేవుల నుంచి ఓడ ఎక్కిన తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. అయిదేళ్ల ఒప్పందం ముగించుకున్నవాడు స్వేచ్ఛాజీవి అనుకుంటాం. 1867లో అక్కడ వచ్చిన చట్టం ప్రకారం ఒప్పందం ముగిసినవారు కూడా తమ ఫొటో అతికించిన టిక్కెట్టు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. అది లేకుండా రోడ్డు మీద కనబడితే దేశదిమ్మరి అని పట్టుకుపోతారు. ఆ ఫొటో ఖర్చు కూడా కూలివాడిదే. హూపర్ ముందు కూర్చున్నవారికి ఆ ఫొటోతో లాభమూ లేదు, దాని ధరా తెలియదు. వీరు మాత్రం తమను వెంటాడే ఫొటోకు తామే డబ్బు కట్టారు. దీనిపై 1871లో అడోల్ఫ్ డి ప్లెవిట్జ్ అనే తోట యజమాని సాయంతో 9,401 మంది సంతకాలు, వేలిగుర్తులతో అర్జీ పెట్టుకున్నారు. దాని ఫలితంగా రాజ కమిషన్ వేసి 1875లో నివేదిక తెచ్చారు. ఇప్పుడు ఆ ఫొటోలు మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ సంస్థ భాండాగారంలో ఉన్నాయి. ముత్తాత ముఖం చూడాలని వచ్చే మారిషస్ కుటుంబాలకు ఇప్పుడు ఆ పోలీసు చీటీయే దొరికిన ఒకే ఒక్క కుటుంబ చిత్రం. తాత పేరును అక్కడి గుమాస్తా చెవికి వినబడినట్టు రాసి ఉంటాడు, ఊరి పేరూ అంతే. అయినా ముఖం ముఖమే కదా.

పులుల మాట ఒక్క నిమిషంలో ముగిస్తాను. వరంగల్లు దగ్గర నెక్కొండ అడవిలో 1902లో వేటాడి, చచ్చిన పులితోపాటు వైస్రాయ్ కర్జన్ దంపతులు నిలబడ్డ ఫొటో మీకు తెలుసు, నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేదాకా మన సంస్థానాధీశుల ఇళ్లలో ఇలాంటివి గోడకు ఒకటి. ఈ ఫొటోకు ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, నేను ఇంతవరకు చెప్పిన వాటిలో అనుమతి ఇవ్వగలిగిన మనిషి స్వయంగా ఫొటోలో నిలబడింది ఇందులో ఒక్కదానిలోనే. టెంపుల్ కరువు ఫొటోలో లేడు, బకింగ్‌హాం అమరావతి గోతిలో లేడు, మారిషస్ చట్టం రాసినవారు టిక్కెట్టు మీద లేరు. గర్వపడే పని అయితేనే పెద్దవారు కెమెరా ముందుకు వస్తారు.

చివరగా, ఈ రోజు తెర మీద హూపర్ ఫొటోలను ఎందుకు వేయలేదని నిర్వాహకులు అడిగారు, దానికి జవాబు చెప్పాలి. చట్టరీత్యా అడ్డు లేదు. 1877 నాటి ఫొటోకు కాపీరైటు ఎప్పుడో ముగిసింది. లండన్‌లోని వెల్‌కమ్ సంస్థ తన దగ్గర ఉన్న కరువు ఫొటోలను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. అలాంటి పాత ఫొటోల మీదే తమ ముద్ర వేసి డబ్బుకు అమ్ముకునే వ్యాపార సంస్థలు కూడా ఉన్నాయి, అది కూడా చట్టం అనుమతించినదే. అంటే ఆ కుటుంబాన్ని ఎండలో కూర్చోబెట్టడానికి ఆనాడు అనుమతి ఉంది, వారిని అమ్ముకోవడానికి ఈనాడు అనుమతి ఉంది. వారిని అడగవలసిన అవసరం ఆనాడూ రాలేదు, ఈనాడూ రాలేదు. ఈ ఫొటోలను దాచేయాలని నేను అనను. దాస్తే టెంపుల్ ఉత్తర్వు దాక్కుంటుంది. అయితే భోజనాలకు ముందు ఒక నిమిషం తెర మీద చూపి, అయ్యో పాపం అనిపించి, తరువాతి బొమ్మకు వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు. ఈ ప్రసంగం అచ్చులో వచ్చినప్పుడు ఒక్క ఫొటో మాత్రం వేయమని కోరాను, దాని కింద ఉండవలసిన మాటలు కూడా రాసి ఇచ్చాను. అవి ఇవి: మద్రాసు రాజధాని, 1876-78 కరువు. ఫొటో విల్లబీ వాలేస్ హూపర్. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయం ప్రకారం కరువు పనిలో మగవాని రోజు కూలి 450 గ్రాముల ధాన్యం, ఒక అణా. వైద్యుడు కార్నిష్ కనీసం కావాలన్నది 680 గ్రాములు. ఫొటోలో ఉన్నవారి పేర్లు రాసిపెట్టలేదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.